మాట క్షణంలో చేరుతుంది, మనిషి చేరాలంటే ఓడ రావాలి: నికోబార్ దీవుల్లో పాఠాలు చెప్పేవారు ఇంటితో ఎలా కలిసుంటారు?

"ఓడెప్పుడురా బాబూ?"

శ్రీకాకుళం జిల్లాలోని ఒక ఊళ్లో తల్లిదండ్రులు, నికోబార్ దీవుల్లోని కమోర్టాలో బడిపంతులుగా పనిచేసే కొడుకు ఉన్నారనుకుందాం. రాత్రి ఫోన్లో తిండి సంగతులు, ఒంట్లో నలత, పొలం పనులు, పిల్లల మార్కులు అన్నీ మాట్లాడుకుంటారు. సంక్రాంతో, చెల్లెలి పెళ్లో దగ్గరపడేసరికి మాత్రం తల్లి అడిగే ప్రశ్న ఒక్కటే. ఓడ ఎప్పుడుంది?

ఆ ప్రశ్నకు కొడుకు దగ్గర కచ్చితమైన జవాబు ఉండదు. ఓడల రాకపోకల పట్టిక ఉంటుంది. సముద్రం ఆ పట్టికను ఒప్పుకోవాలి. టికెట్ దొరకాలి. పోర్ట్ బ్లెయిర్ చేరాక విమానం అందాలి. వీడియో కాల్‌లో అమ్మ ముఖం స్పష్టంగా కనిపిస్తున్న కాలంలోనూ, అమ్మ దగ్గరకు ఎన్ని రోజుల్లో చేరగలడో అతను ముందుగా చెప్పలేడు.

దూర దీవుల్లో ఉద్యోగం చేసేవారి కుటుంబ జీవితాన్ని నడిపించేది ఈ తేడాయే. గత ఐదారేళ్లలో మాట ప్రయాణం ఎన్నో రెట్లు వేగం పుంజుకుంది. మనిషి ప్రయాణం దాదాపు పాత పద్ధతిలోనే సాగుతోంది. ఈ రెండింటి మధ్య మిగిలిన ఖాళీని ఎలా నింపుకోవాలన్నదే అక్కడికి వెళ్లే ప్రతి కుటుంబం ముందున్న అసలు ప్రశ్న.

అక్కడికి ఎవరు వెళ్తారు?

అండమాన్ నికోబార్ తెలుగువారికి కొత్త ప్రాంతం కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడి 3.8 లక్షల జనాభాలో తెలుగు మాతృభాషగా ఉన్నవారు సుమారు 13 శాతం. అంటే దాదాపు 50 వేల మంది. బెంగాలీ, హిందీ, తమిళం తర్వాతి స్థానం తెలుగుదే. ఉత్తరాంధ్ర తీరం నుంచి వెళ్లిన మత్స్యకార కుటుంబాలు పోర్ట్ బ్లెయిర్‌లోని జంగ్లీఘాట్ వంటి చోట్ల తరాలుగా ఉంటున్నాయి. 2024 సెప్టెంబరులో కేంద్రం పోర్ట్ బ్లెయిర్ పేరును శ్రీ విజయపురంగా మార్చింది. వాడుకలో మాత్రం పాత పేరు ఇంకా వినిపిస్తూనే ఉంది.

రాజధానిలో ఉద్యోగమైతే తెలుగు మాట, తెలుగు పండగ, ఉప్పుచేప అన్నీ దొరుకుతాయి. విమానం ఎక్కితే సుమారు రెండు గంటల్లో చెన్నైలో దిగవచ్చు. కష్టమంతా పోర్ట్ బ్లెయిర్‌కు దక్షిణాన మొదలవుతుంది. లిటిల్ అండమాన్ దాటాక టెన్ డిగ్రీ చానెల్ వస్తుంది. సుమారు 150 కిలోమీటర్ల వెడల్పున్న ఈ జలసంధికి అవతల ఉన్నది నికోబార్ జిల్లా. కార్ నికోబార్, చౌరా, తెరెస్సా, కచ్చల్, కమోర్టా, నన్‌కౌరీ, అన్నింటికీ చివర గ్రేట్ నికోబార్. 2011లో ఈ జిల్లా మొత్తం జనాభా 36,842 మాత్రమే. మన దగ్గర ఒక చిన్న పట్టణం జనాభా అంత. అది సముద్రంలో వందల కిలోమీటర్ల పొడవునా చెదిరి ఉంది.

అక్కడ పిల్లలున్నారు, కాబట్టి బడులున్నాయి. స్థానిక ప్రభుత్వ పాఠశాలలతో పాటు కార్ నికోబార్‌లో జవహర్ నవోదయ విద్యాలయం, ఏకలవ్య ఆదర్శ గురుకుల పాఠశాల ఉన్నాయి. నవోదయ, ఏకలవ్య ఉద్యోగాలకు దేశవ్యాప్త నియామకాలు జరుగుతాయి. అండమాన్ నికోబార్ నవోదయలు ఆ సంస్థ హైదరాబాద్ ప్రాంతీయ కార్యాలయం పరిధిలోకి వస్తాయి. అందుకే కర్నూలులోనో కరీంనగర్‌లోనో నవోదయ ఉద్యోగంలో చేరిన ఉపాధ్యాయుడికి బదిలీ జాబితాలో కార్ నికోబార్ పేరు కనిపించడం వింతేమీ కాదు.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు దీవుల్లో పనిచేసినందుకు ప్రత్యేక భత్యం ఉంది. ఏడో వేతన సంఘం తర్వాత అది ప్రాంతాన్ని బట్టి మూల వేతనంలో 10 నుంచి 20 శాతం వరకు ఉంటుంది. నికోబార్‌కు వర్తించేది అందులో పై మెట్టు. దూరానికి ప్రభుత్వం కట్టిన ఖరీదు అది.

మరో సంగతి చాలామందికి అక్కడికి వెళ్లేదాకా తెలియదు. నికోబార్ దీవుల్లో ఎక్కువ భాగం 1956 నాటి ఆదిమ తెగల రక్షణ నిబంధనల కింద గిరిజన రిజర్వు ప్రాంతం. గిరిజనేతరులు అనుమతి పత్రం లేకుండా అక్కడ అడుగు పెట్టకూడదు. నికోబారీ ప్రజల భూమికి, జీవన విధానానికి ఆ నిబంధన రక్షణ కవచం. ఉపాధ్యాయుడి కుటుంబానికి మాత్రం దాని అర్థం మరొకటి కూడా. మనవడిని చూడాలనిపించిందని తాతయ్య మూట సర్దుకుని బయలుదేరలేడు. చుట్టపుచూపుకు కూడా దరఖాస్తు కావాలి.

కేబుల్ ఏం మార్చింది?

2020 ఆగస్టు 10కి ముందు దీవులన్నీ బయటి ప్రపంచంతో ప్రధానంగా ఉపగ్రహం ద్వారానే మాట్లాడేవి. ఆ రోజు చెన్నై-అండమాన్ సముద్రగర్భ కేబుల్ వ్యవస్థ ప్రారంభమైంది. 2018 డిసెంబరు 30న శంకుస్థాపన జరిగిన ఈ పథకానికి సుమారు 1,224 కోట్ల రూపాయలు ఖర్చయింది. బీఎస్ఎన్ఎల్ చేతుల మీదుగా దాదాపు 2,300 కిలోమీటర్ల మేర కేబుల్ వేశారు. చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు, అక్కడి నుంచి స్వరాజ్ ద్వీప్, లాంగ్ ఐలాండ్, రంగత్, లిటిల్ అండమాన్, కార్ నికోబార్, కమోర్టా, గ్రేట్ నికోబార్‌లకు ఆ తీగ వెళ్తుంది.

ఇది ఇంటి మాటల్లో ఎలాంటి మార్పు తెచ్చిందో తెలియాలంటే చిన్న లెక్క చూడాలి. సమాచార ఉపగ్రహం భూమికి సుమారు 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. దీవిలో అన్న మాట అంత ఎత్తుకు వెళ్లి, మళ్లీ అంత దూరం దిగి ఇల్లు చేరాలి. దానికి పావు సెకను పడుతుంది. ఇంటి నుంచి జవాబు రావడానికి మరో పావు సెకను. మొత్తం అర సెకను. వినడానికి చిన్నదే. కానీ మనుషులు మాట్లాడుకునేటప్పుడు ఒకరి మాట ముగియకముందే రెండోవారు "ఊఁ" కొడతారు. అర సెకను ఆలస్యమైతే ఆ "ఊఁ" తప్పుడు చోట పడుతుంది. ఇద్దరూ ఒకేసారి మొదలుపెడతారు, ఇద్దరూ ఒకేసారి ఆగుతారు. పైగా ఉపగ్రహం మోయగలిగే సమాచారం పరిమితం, దాన్ని పంచుకునేవారు వేలల్లో. ముఖం చూస్తూ మాట్లాడటం చాలామందికి అందని పనే.

గాజు తీగలో కాంతి సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. కేబుల్ పొడవంతా దాటినా పట్టేది సెకనులో వందో వంతుకు కాస్త ఎక్కువ. చెవికి ఆ తేడా తెలియదు. చెన్నై, పోర్ట్ బ్లెయిర్ మధ్య సెకనుకు 200 గిగాబిట్ల చొప్పున రెండు మార్గాలను, పోర్ట్ బ్లెయిర్ నుంచి మిగతా దీవులకు 100 గిగాబిట్ల చొప్పున రెండేసి మార్గాలను ఉద్దేశించి దీన్ని నిర్మించారు. అర సెకను మాయమవడంతో ఇంటి మాటల్లో "ఊఁ" తన చోటికి తాను వచ్చేసింది.

కేబుల్ ఆగే చోటు

అయితే ఆ జాబితాను మరోసారి చూడాలి. నికోబార్ జిల్లాలో కేబుల్ ఒడ్డుకు చేరేది మూడు చోట్లే. కార్ నికోబార్, కమోర్టా, గ్రేట్ నికోబార్. చౌరా, తెరెస్సా, కచ్చల్ వంటి దీవులు అందులో లేవు. అక్కడి టవర్లు ఇతర మార్గాల మీదే ఆధారపడాలి. కేబుల్ చేరిన దీవిలోనూ టవరుకు దూరంగా ఉన్న గ్రామానికి సిగ్నల్ అందుతుందన్న హామీ లేదు. కరెంటు పోయి, టవరు కింద డీజిల్ అయిపోతే 2,300 కిలోమీటర్ల కేబుల్ ఉన్నా ఫోన్ మూగబోతుంది.

ఇలాంటి చోట్ల వీడియో కాల్ కన్నా వాట్సాప్ గొంతు సందేశం నయం. రెండు నిమిషాల మాట రికార్డు చేసి పెడితే, సిగ్నల్ తగిలినప్పుడు దానంతటదే వెళ్తుంది. అటువైపు వారు తీరిక దొరికినప్పుడు వింటారు. ఇద్దరూ ఒకే క్షణంలో సిగ్నల్ కింద ఉండక్కర్లేదు. ఒకప్పుడు ఓడలో వచ్చే ఉత్తరం చేసిన పని ఇదే. పైగా ఇందులో గొంతు వినిపిస్తుంది.

గడియారం ఒక్కటే అయినా పొద్దు ఒక్కటి కాదు. కమోర్టా శ్రీకాకుళానికి దాదాపు పది డిగ్రీల రేఖాంశం తూర్పున ఉంది. అక్కడ సూర్యుడు సుమారు 40 నిమిషాలు ముందే ఉదయిస్తాడు, ముందే అస్తమిస్తాడు. హైదరాబాద్‌తో పోలిస్తే ఆ తేడా గంట. సాయంత్రం ఐదున్నరకల్లా అక్కడ చీకటి కమ్ముకుంటుంది. ఇంటి దగ్గర నాన్న ఇంకా పొలం నుంచి రాని వేళ, అక్కడ టీచర్‌కు రాత్రి మొదలైపోతుంది. ఒంటరితనం ఎక్కువగా తగిలే వేళ, ఇంట్లోవాళ్లు ఖాళీగా ఉండే వేళ ఒకటి కావు. "రోజూ ఎనిమిదికి" అని ఒక సమయం అనుకోవడం చిన్న ఏర్పాటే అయినా దాని విలువ ఇక్కడే తెలుస్తుంది.

చెడు కబురు వచ్చిన రోజు

అసలు పరీక్ష పండగల్లో రాదు. సోమవారం తెల్లవారుజామున ఫోన్ మోగి, నాన్న పోయారన్న మాట వినిపించినప్పుడు వస్తుంది.

కేబుల్ పుణ్యమా అని ఆ కబురు క్షణంలో చేరింది. ఇక కమోర్టా నుంచి కొడుకు బయలుదేరాలి. పోర్ట్ బ్లెయిర్ నాలుగు వందల కిలోమీటర్లకు పైగా దూరం. అదృష్టవశాత్తూ ఆ రోజే ఓడ ఉన్నా, ప్రయాణంలో కనీసం ఒక రాత్రి గడుస్తుంది. హెలికాప్టర్ సేవ ఉంది కానీ సీట్లు కొన్నే. ప్రాణాపాయంలో ఉన్న రోగులకే తొలి ప్రాధాన్యం. అలా ఉండటం న్యాయం కూడా. పోర్ట్ బ్లెయిర్‌లో దిగాక చెన్నైకో హైదరాబాద్‌కో విశాఖకో విమానం పట్టాలి. అక్కడి నుంచి ఊరికి రోడ్డు. అన్నీ కలిసొస్తే రెండు రోజులు. ఓడ మూడు రోజుల తర్వాత ఉంటే ఐదు రోజులు. నైరుతి రుతుపవనాల్లో సముద్రం పోటెత్తినా, అక్టోబరు, నవంబరు నెలల్లో వాయుగుండం పట్టినా లెక్క చెప్పడం ఎవరి తరమూ కాదు. విశాఖపట్నానికి పోర్ట్ బ్లెయిర్ నుంచి నేరుగా ప్రయాణికుల ఓడ కూడా ఉంది. కానీ దాని ప్రయాణమే రెండు మూడు రోజులు, అదీ రోజూ ఉండేది కాదు.

మన ఇళ్లలో శవాన్ని అన్ని రోజులు ఉంచరు. కాబట్టి దీవిలో ఉన్న పెద్ద కొడుకు తలకొరివి పెట్టలేకపోవచ్చు. పెద్దకర్మకు అందవచ్చు. ఈ మాట ఎవరికీ నోటితో అనబుద్ధి కాదు. అయినా ముందే అనుకున్న ఇంటికి, అనుకోని ఇంటికి తేడా ఉంది. అనుకోని ఇంట్లో "వాడు రాలేదు" అన్నది జీవితాంతం నిలిచే నింద అవుతుంది. అనుకున్న ఇంట్లో తమ్ముడో, అల్లుడో, అన్న కొడుకో ముందుకొస్తాడు. దూరాన ఉన్నవాడు వీడియోలో చూస్తూ నమస్కరిస్తాడు. బాధ తగ్గదు కానీ, నింద ఉండదు.

ఆందోళన ఒకవైపే ఉండదు. దీవిలో టీచర్‌కే గుండెనొప్పి వస్తే? కార్ నికోబార్‌లో బిషప్ జాన్ రిచర్డ్‌సన్ ఆసుపత్రి ఉంది. అంతకు మించిన వైద్యానికి పోర్ట్ బ్లెయిర్‌లోని జి.బి. పంత్ ఆసుపత్రికి తరలించాలి. ఇంట్లోవారికి ఆ సమయంలో కావాల్సింది వీడియో కాల్ కాదు, అక్కడ పక్కనున్న మనిషి నంబరు. ప్రిన్సిపాల్, పక్కింటి సహోద్యోగి, పోర్ట్ బ్లెయిర్‌లో తెలిసిన ఒక తెలుగు కుటుంబం. ఈ మూడు నంబర్లు ఇంట్లో గోడ మీద రాసి ఉంటే చాలా భయాలు సగం తగ్గుతాయి.

తీగలన్నీ తెగిన రోజు

2004 డిసెంబరు 26 ఆదివారం. ఉదయం ఆరున్నర గంటల ప్రాంతంలో సుమత్రా తీరంలో 9.1 తీవ్రతతో భూకంపం వచ్చింది. ఆ తర్వాత విరుచుకుపడిన సునామీ కార్ నికోబార్, కచ్చల్ దీవులను చిన్నాభిన్నం చేసింది. దేశానికి దక్షిణపు కొన అయిన ఇందిరా పాయింట్ దగ్గర నేల నాలుగు మీటర్లకు పైగా కుంగిపోయింది. ఫోన్లు పనిచేయలేదు. దీవుల్లో తమవారున్న కుటుంబాలు బతికున్నారో లేదో తెలియక అల్లాడిపోయాయి.

ఆ రోజుల్లో కబురు మోసినవారిలో హామ్ రేడియో ఔత్సాహికులు ముందున్నారు. హైదరాబాద్‌లోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున భారతీ ప్రసాద్ నాయకత్వంలో ఒక బృందం ఆ నెలలోనే పోర్ట్ బ్లెయిర్ వెళ్లింది. చాలా ఏళ్ల విరామం తర్వాత అండమాన్ నుంచి హామ్ ప్రసారాలకు అనుమతి దొరకడంతో, ప్రపంచవ్యాప్తంగా ఉన్న తోటి ఔత్సాహికులతో మాట్లాడటానికి వెళ్లిన బృందం అది. వీయూ4ఆర్‌బీఐ అనే సంకేతంతో ప్రసారాలు సాగుతుండగానే సునామీ వచ్చింది. సరదాగా మొదలైన స్టేషన్ గంటల్లోనే అత్యవసర కేంద్రంగా మారింది. ఫలానావారు క్షేమం అన్న చిన్న సందేశాలు ఆ రేడియో తరంగాల మీదుగా ప్రధాన భూభాగంలోని ఇళ్లకు చేరాయి. ఆ బృందంలోని వారు కార్ నికోబార్‌కూ వెళ్లి సేవలందించారు.

ఇందులో నేటి కుటుంబాలకు ఒక పాఠం ఉంది. విపత్తు రోజున వీడియో అక్కర్లేదు. "క్షేమం" అన్న ఒక్క మాట చేరాలి. దానికి అతి తక్కువ సిగ్నల్ చాలు. ఎస్ఎంఎస్ అందుకే ఇప్పటికీ పనికొస్తుంది. ఇంకో ఏర్పాటు కూడా అవసరం. దీవి నుంచి ఒక్కరికే కబురు పంపాలి, ఆ ఒక్కరు మిగతా చుట్టాలందరికీ చెప్పాలి. ఇరవై మంది బంధువులు ఒకేసారి ఒకే నంబరుకు ప్రయత్నిస్తే ఎవరికీ అందదు.

ఉత్తర ధ్రువం దగ్గరా ఇదే కథ

ఈ పరిస్థితి మనకొక్కరికే పరిమితం కాదు. కెనడాలోని ఆర్కిటిక్ ప్రాంతం నూనవుత్‌లో 25 జనావాసాలున్నాయి. ఒక ఊరి నుంచి మరో ఊరికి రోడ్డు లేదు. దక్షిణ కెనడా నుంచి వెళ్లే ఉపాధ్యాయులకు విమానమే దిక్కు. మంచు తుపాను వస్తే అదీ ఆగుతుంది. అక్కడ ఇంటర్నెట్ దశాబ్దాలుగా ఉపగ్రహాల మీదే నడిచింది. తక్కువ ఎత్తున తిరిగే స్టార్‌లింక్ ఉపగ్రహాల సేవలు వచ్చాక మాటలో జాప్యం తగ్గింది. రవాణా మాత్రం మునుపటిలాగే వాతావరణం చేతిలో ఉంది.

నార్వేకు చెందిన స్వాల్బార్డ్ దీవులది మరో అనుభవం. అక్కడికి రెండు సముద్రగర్భ కేబుళ్లున్నాయి. 2022 జనవరిలో వాటిలో ఒకటి దెబ్బతింది. రెండోది ఉండటంతో మాట ఆగలేదు. దూర దీవికి ఒక తీగ వేయడం సగం పని, రెండో దారి ఉంచడం మిగతా సగం అని ఆ ఘటన గుర్తు చేసింది. మన దేశంలో అండమాన్ తర్వాత లక్షద్వీప్‌కు కొచ్చి నుంచి వేసిన కేబుల్ 2024 జనవరిలో ప్రారంభమైంది. మొదటి దారి అన్నిచోట్లా పడుతోంది. రెండో దారి ఇప్పుడు ఆలోచించాల్సిన విషయం.

ఎదురుగా కూర్చున్న పిల్లల సంగతి?

ఇల్లు వదిలి వచ్చింది టీచర్ ఒక్కరే కాదన్న సంగతి ఈ చర్చలో తరచూ మరుగున పడుతుంది. కార్ నికోబార్‌లో బడి చరిత్ర ప్రధాన భూభాగం నుంచి వెళ్లిన ఒక ఉపాధ్యాయుడితో ముడిపడి ఉంది. 1890లలో మద్రాసు వైపు నుంచి వెళ్లిన వేదప్పన్ సోలమన్ అక్కడి మూస్ గ్రామంలో పిల్లలకు చదువు చెప్పారు. ఆ తరంలో చదువుకున్న నికోబారీ బాలుడు జాన్ రిచర్డ్‌సన్ పైచదువుకు సముద్రం దాటి బర్మాలోని మాండలే వెళ్లారు. తిరిగొచ్చి తన దీవిలోనే ఉపాధ్యాయుడయ్యారు. తర్వాత బిషప్ అయ్యారు. 1952లో తొలి లోక్‌సభకు అండమాన్ నికోబార్ తరఫున నామినేట్ అయ్యారు. కార్ నికోబార్ ఆసుపత్రికి ఉన్నది ఆయన పేరే.

సోలమన్ ఇల్లు వదిలి దీవికి వచ్చారు. ఆయన విద్యార్థి దీవి వదిలి చదువుకు వెళ్లారు. నేటి గురుకులాల్లోనూ అదే వరుస. వేరే దీవి నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న పదకొండేళ్ల పిల్లకు కూడా ఇల్లు ఓడ దూరంలోనే ఉంది. ఆమె తల్లిదండ్రుల గ్రామంలో సిగ్నల్ ఉండకపోవచ్చు. రాత్రి ఎనిమిదికి ఇంటికి ఫోన్ చేసే టీచర్‌కు, వారానికోసారి ఫోన్ కోసం వరుసలో నిలబడే విద్యార్థికి మధ్య ఉన్నది ఒకే బెంగ. ఈ సంగతి గ్రహించిన ఉపాధ్యాయుడికి తరగతిలో మౌనంగా కూర్చున్న పిల్ల ఎందుకలా ఉందో పుస్తకాలు చెప్పక్కర్లేదు.

ముందే మాట్లాడుకోవాల్సినవి

నియామక పత్రం అందినప్పుడు ఇళ్లలో సాధారణంగా జీతం, భత్యం, సామాను గురించి మాట్లాడుకుంటారు. అంతకన్నా ముఖ్యమైనవి నాలుగున్నాయి. ఆసుపత్రిలో సంతకం పెట్టాల్సి వస్తే ఇంటి దగ్గర ఎవరు పెడతారు? అత్యవసరంగా డబ్బు కావాలంటే ఎవరి ఖాతా నుంచి తీస్తారు? చిన్నాచితకా అనారోగ్యం దాచాలా, చెప్పాలా? ఎలాంటి కబురు వస్తే ఉన్నపళంగా బయలుదేరాలి?

వీటిలో మూడో ప్రశ్నే కష్టమైనది. "వాడు అంత దూరంలో ఉన్నాడు, ఎందుకు కంగారు పెట్టడం" అని అమ్మానాన్నలు జ్వరాన్ని దాస్తారు. "వాళ్లెందుకు బెంగపడాలి" అని కొడుకు తన జారిపడ్డ కాలిని కెమెరాకు చూపించడు. ప్రేమతోనే దాస్తారు. కానీ ఒకసారి దాచినట్టు బయటపడితే, ఆ తర్వాత "బాగున్నాం" అన్న మాటను ఇరువైపులా ఎవరూ నమ్మరు. రోజూ మాట్లాడుకుంటూ రోజూ అనుమానించుకోవడం కన్నా, రెండు రోజులకోసారి మాట్లాడుకున్నా నిజం చెప్పుకోవడం మేలు. రావడానికి ఐదు రోజులు పట్టే మనిషికి కబురు ఐదు రోజులు ముందు తెలియాలి. దాచిన ప్రతి రోజూ అతని ప్రయాణంలోంచి పోయే రోజే.

కేబుల్ మాటకు వేగం ఇచ్చింది. ఏ మాట చెప్పాలో ఇంటివాళ్లే తేల్చుకోవాలి. ఓడల సంఖ్య, చిన్న విమానాల సేవలు, రెండో కేబుల్ వంటివి ప్రభుత్వం చేతిలో ఉన్నాయి. అవి మెరుగుపడే వరకు కమోర్టాలోని కొడుకు దగ్గర తల్లి ప్రశ్నకు తేదీతో కూడిన జవాబు ఉండదు.

"శుక్రవారం ఉందంటున్నారమ్మా. సముద్రం బాగుంటే." అని చెప్పగలడు. రెండో వాక్యాన్ని కూడా ఆ తల్లి విని, దాన్ని బట్టే పనులు చూసుకోవడం నేర్చుకుందంటే ఆ కుటుంబం దూరాన్ని సగం దాటినట్టే.